నూటికి ఐదు నూర్ల పెట్టుబడి

ఒకే ఒక్క భాగహారంతో ఉద్యోగం ఊడగొట్టుకోబోయినవాణ్ణి మీరెప్పుడైనా చూసినారా? చూడకపోతే ఇదిగో, నేనే.

డెబ్బైల చివర్లో ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. టెంపరరీ ఉద్యోగం, పర్మనెంటు పొగరు. ఒకసారి ఎమ్మిగనూరులో నేతగాళ్ల సభకి నన్ను ఉపన్యాసానికి పంపినారు. మా కాలేజీ అధ్యక్షుడు, పత్తి వ్యాపారి, ముందు వరసలోనే కూర్చున్నాడు. నన్ను ఉంచాలో పంపించాలో తేల్చేది ఆయనే.

"దేశమంతా కలిసి ఏడాదిలో తయారుచేసిన దాంట్లో మిల్లులకి, మిషన్లకి, కట్టడాలకి పోయే భాగమే పెట్టుబడి రేటు" అని మొదలుపెట్టినాను. అక్కడితో ఆపుంటే చప్పట్లు కొట్టించుకుని ఇంటికి పోయేవాణ్ణి. ఆపితే నేనెందుకవుతాను? "ఉత్పత్తి నూరు, పెట్టుబడి ఇరవై అనుకుందాం" అంటూ సుద్దముక్క అందుకున్నాను. ఇరవైని నూరుతో భాగించాల్సింది పోయి, నూరుని ఇరవైతో భాగించి, గొంతు పెంచి ప్రకటించినాను:

"అంటే, నూటికి ఐదు నూర్లు!"

వెనక నుంచి ఒక ముసలి నేతగాడు లేచినాడు.

"సారూ, నేను నూరు చీరలు నేస్తి అనుకో. కొత్త మగ్గం కోసరం అందులోంచి ఐదు నూర్ల చీరలు తియ్యాలంటావు. తక్కిన నాలుగు నూర్లు యాడ తెచ్చేది?"

"అది... శాస్త్రంలో ఏమంటారంటే..."

"శాస్త్రంలో మగ్గాలుండాయా సారూ?"

తాడు తెగిన పత్తి బేలులా సభంతా నవ్వులతో విచ్చుకుంది. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నల్లబల్ల వైపు చూసినాను. అప్పటికి గాని నా ఘనకార్యం నాకు కనిపించలేదు.

"తిరగేసినాను పెద్దాయనా. నూటికి ఇరవై. తప్పు నాదే."

"అట్ల సెప్పు! ఇరవై అయితే తియ్యొచ్చు" అని ఆయన నెమ్మదిగా కూర్చున్నాడు.

సభ ముగిసినాక అధ్యక్షుడు నన్ను పక్కకి పిలిచినాడు.

"సార్, ఈ ఒక్కసారికి మన్నించి..."

ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగినాడు.

"నువ్వు ఐదు నూర్లు అన్నప్పుడు, భలే భలే అని తలకాయ ఊపితినప్పా. నన్ను చూసి పక్కనున్న వ్యాపారులంతా ఊపినారు. ఆ మాట ఆదోనిలో యాడా ఎత్తొద్దు. రేపొచ్చి పర్మనెంటు ఆర్డరు తీసుకుపో."

బస్సులో ఆదోని చేరేదాకా ఊపిరి వదులుతూనే ఉన్నాను. అంతసేపు బిగబట్టింది మరి!

ఆ రోజే తుంగభద్ర సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఏ దేశపు పెట్టుబడి లెక్కయినా సరే, ముందు ఒక నేతగాడికి చూపించి ఒప్పించుకున్నాకే నల్లబల్లకెక్కిస్తాను.