శవానికి పేరు పెట్టించిన మా బావ

నిన్న పొద్దున మా అల్లుడు శీను ఫోన్ చేసిండు.

"మామా, బాపు సచ్చిపోయిండు."

"ఏ సినిమాల రా?" అని అడిగిన.

అటు దిక్కు వాడు ఏడ్చిండు. అప్పుడు సమజైంది నాకు.

మా అక్క పెనిమిటి మల్లేశం బావ ఇగ లేడు. బర్లకు గడ్డి ఏసి వచ్చి అరుగు మీద కూసున్నడట. గుండె ఆగిపోయింది. దవాఖానకు తీస్కపోయేసరికే పాణం లేదు.

నన్ను తప్పు పట్టకుండ్రి. మా బావకు సచ్చుడే పని.

శంషాబాద్‌ల ఎయిర్‌పోర్ట్ తెరిచినంక మా దిక్కు సినిమావాళ్ళు దిగిండ్రు. ఖాళీ రోడ్లు, గుట్టలు, నెత్తి మీద విమానం. థ్రిల్లర్‌కు ఇంకేం కావాలె?

ఒక శవం కావాలె. మొదటి సీన్‌లనే.

రెప్ప కొట్టకుండ, చీమ కుట్టినా ఉలకకుండ పండేటోడు మా బావ. షాట్ అయిపోంగనే కెమెరా దిక్కు చూసి ఒకసారి నవ్వేటోడు. శవం వేషం ఏసినోళ్ళు అట్ల నవ్వాలె, కీడు అంటొద్దని. సినిమాల అదొక ఆచారం.

నేను ఊకుంటనా? నా సంగతి మీకు ఎరుకే. ఏ గురువు కాడ చదవలే. సంచిల పురాణం పెట్టుకొని గుడి కాడ, టాక్సీ స్టాండ్ కాడ, యాడ నలుగురు దొరికితె ఆడ చెప్పేటోణ్ణి. బావ మీదికి లేచిన.

"పొద్దున లేస్తే హత్యలు, నెత్తురు! ఏంది బావా గీ సినిమాలు?"

"నీ పురాణంల నెత్తురు లేదా బామ్మర్దీ?"

"ఉన్నది! కానీ పురాణంల రాక్షసుడు సచ్చినా వానికి పేరుంటది! తల్లి ఉంటది! పోయిన జన్మల వైకుంఠం గేటు కాడ కావలి ఉన్నడని గూడ చెప్తరు! మీ సినిమాల సచ్చినోడు ఎవడు? చెప్పు!"

బావ ఆ మాట పట్టుకొని పోయిండు.

రావిర్యాల గుట్టల కాడ షూటింగ్. నేను గూడ పోయిన, తిడదామని. బావ బండల నడుమ పండుకున్నడు. పోలీస్ వేషంల ఉన్న హీరో ఆయనను దాటుకుంట పోయి ఫోన్ మాట్లాడాలె.

హీరో కాలు లేపంగనే శవం లేసి కూసున్నది.

"దాటకుండ్రి సార్! సచ్చినోణ్ణి దాటుతరా ఎవరన్న?"

యూనిట్ అంత పరేషాన్. డైరెక్టర్ కోస్తా దిక్కాయన. మర్యాదగనే సమ్జాయించిండు.

"చూడండి మల్లేశం గారూ, థ్రిల్లర్‌లో మొదటి శవం మీద జాలి పుట్టకూడదండీ. ఆడియన్స్ ధ్యాసంతా హంతకుడెవరా అన్నదాని మీదే ఉండాలి."

"మరి నేనెవర్ని సార్?"

"మీరు శవమండీ."

"శవం కాకముందు?"

డైరెక్టర్ గడియారం చూసుకున్నడు.

బావ అక్కడనే మొండికేసిండు. పేరు పెడితేనే పండుకుంట, రేపటి సంది నన్ను పిలువకపోయినా మంచిదే అన్నడు. ఆ షూటింగులంటే పాణం ఇడిసే మనిషి ఆ మాటన్నడు.

ఆఖరికి డైరెక్టరే నవ్విండు. "సరే, ఏం పేరు పెడదామంటారు?"

బావ నా దిక్కు చూసిండు.

"రాఘవులు. గీ మా బామ్మర్ది పేరు సార్. వాడు నోరు మూసుకొని ఉండంగ ఒక్కసారన్న చూడాలె."

సినిమా వచ్చింది. ఇంటిల్లిపాది పోయినం. తెర మీద హీరో శవం పక్కన మోకాళ్ళ మీద కూసొని టోపీ తీసిండు. "పేరు రాఘవులు. ఇంటికాడ ఎదురుచూస్తుంటరు" అన్నడు.

హాల్‌ల సప్పుడు లేదు.

హంతకుడెవడో నాకిప్పుడు యాది గూడ లేదు. ఇన్నేండ్లు గొంతు చించుకున్న, నా సభల ఒక్కనాడు గంత సైలెన్స్ రాలె. నా మాటను నాకంటె మంచిగ చెప్పినోడు మా బావ. కదలకుండ పండుకొని చెప్పిండు! గిసొంటి బావ ఎవరికున్నడు?

నిన్న దవాఖానల అందరి నోట ఒకటే మాట. బాడీ ఎవరిది? బాడీని ఎప్పుడు తీస్కపోతరు?

ఒళ్ళు మండింది నాకు.

"బాడీ కాదు! ఆయనకు పేరున్నది!"

కౌంటర్ కాడ ఉన్నాయన మెల్లగ అడిగిండు. "ఏం పేరన్నా?"

నాకు నోట మాట లేదు.

అక్క ఏడ్చుకుంటనే నా భుజం పట్టుకున్నది. "జర చూసి చెప్పు తమ్మీ. నీ పేరు చెప్పేవు."

అని నవ్వింది. ఆ ఏడుపులనే. శీను నవ్విండు. నేను గూడ నవ్విన.

నీ ఆఖరి షాట్ అయిపోయింది బావా. నీ బదులు మేం నవ్వినం.

అప్పుడు చెప్పిన, దవాఖాన అంత ఇనేటట్టు.

"మల్లేశం!"

పోయి రా బావా. వైకుంఠం గేటు కాడ నిన్ను పేరు పెట్టి పిలువాలె, ఆ స్వామిని నేను అడిగేది గదొక్కటే.

ఇగ నిమ్మళంగ పండుకో. నిన్ను ఎవ్వరూ దాటరు.