కాఫీ మెషీన్‌కు పట్టిన సున్నం

మా ముత్తాత పదకొండు ఊళ్ళకు మొఖాసాదారు. మా తాత తాలూకా బోర్డుకు రెండుసార్లు ప్రెసిడెంటు. కలెక్టరు క్యాంపుకు వస్తే ప్రభుత్వ బంగళా తాళం తీయించేవారు కాదు, మా ఇంట్లోనే బస. మా నాన్నకు ఏ పదవీ లేదు. అయినా ఆయన వీధిలో నడిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. అది కళ్ళారా చూశాను. ఆయన చివరి రోజుల్లో కొందరే లేచేవారు. అదీ చూశాను.

నెల్లూరు జిల్లాలోని ఆ ఇంట్లో కాఫీకి ఒక పద్ధతి ఉండేది. ఇత్తడి ఫిల్టరులో పొడి వేసి మరిగే నీళ్ళు పోస్తే ముందుగా దిగేది మొదటి డికాక్షన్. అది ఇంటివాళ్ళకు, మాతో సమానమైన అతిథులకు, వెండి గ్లాసుల్లో. అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోస్తే దిగేది రెండోది. అది గుమాస్తాలకు, కౌలు మాట్లాడుకోవడానికి వచ్చిన రైతులకు, ఇత్తడి గ్లాసుల్లో. మూడోసారి దిగిన రంగు నీళ్ళలో బెల్లం కలిపి పెరట్లో పనిచేసేవాళ్ళకు పోసేవారు. వాళ్ళ సత్తు గ్లాసులు పెరటి గూట్లో బోర్లించి ఉండేవి. ఎవరికి ఏది పోయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. మనిషి గుమ్మంలో కనబడగానే లోపల ఏ గ్లాసు తీయాలో తెలిసిపోయేది. చిన్నప్పుడు నాకు అది వానాకాలం, ఎండాకాలం లాంటి ఏర్పాటుగానే తోచింది.

ఇప్పుడు నేను ఐర్లండ్‌లో, కార్క్ పక్కన బాలింకాలిగ్‌లో ఒక ఇంటి పై అంతస్తులో అద్దెకుంటున్నాను. వయసు యాభైకి దగ్గరపడింది. ఊరి బయట మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. మందు తయారైన ట్యాంకులను కడిగినవాళ్ళు ఎలా కడిగారో రాసిన కాగితాలు చదివి, సరిగ్గానే కడిగారని సంతకం పెట్టడం నా పని. పెళ్ళి కాలేదు. వచ్చిన సంబంధాలు మా స్థాయికి తగవని నాన్న తిప్పి పంపారు. కొన్నాళ్ళకు రావడం ఆగిపోయింది.

ఉద్యోగంలో కుదురుకున్నాక ఒక కాఫీ మెషీన్ కొన్నాను. వెనక నీళ్ళ డబ్బా, పైన పొడి వేసే గిన్నె, కింద గాజు జగ్గు. ఆరు కప్పులది. ఒక్క మనిషికి ఆరు కప్పుల మెషీన్ ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే, మా ఇంట్లో ఒక్కరికి సరిపడా కాఫీ ఎన్నడూ కాయలేదని చెప్పేదాన్ని. జగ్గు మీద ఆరు గీతలుంటాయి. నేను రెండో గీత దాటి నీళ్ళు పోసిన రోజులు తక్కువ.

దాటి పోసినవన్నీ ఆదివారాలే. ఆదివారం పదకొండు గంటలకు ఒక అమ్మాయి వచ్చేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాకంటే పదేళ్ళు చిన్నది, భర్తతో రెండు వీధుల అవతల ఉండేది. ఇండియన్ షాపులో కందిపప్పు దగ్గర పరిచయమైంది. మాదీ నెల్లూరే అంది, తర్వాత మండలం కలిసింది, ఆ తర్వాత ఊరే కలిసింది. మా ఇల్లు ఏదో చెప్పగానే నా మొహంలోకి పరీక్షగా చూసింది. తర్వాత నవ్వింది. వాళ్ళ అవ్వ మా పెరట్లోనే పనిచేసిందట. కాఫీ గింజలు వేయించి, దంచి, జల్లించేదట. గ్లాసులు తోమేదట. "మీ తాత తాగిన కాఫీ అంతా మా అవ్వ దంచిందే అక్కా," అంది.

మా ఊళ్ళో అయితే ఆమె నన్ను అక్కా అనడం కుదిరేది కాదు. ఇక్కడ కుదిరింది. నిజం చెప్పాలంటే వారం మొత్తంలో నన్ను తెలుగులో పిలిచే పిలుపు అదొక్కటే. శనివారం సాయంత్రం నుంచే నా చెవి దాని కోసం చూసేది.

వాళ్ళ అవ్వ చెప్పిన వెండి గ్లాసులు ఇప్పుడు ఎక్కడున్నాయని ఆ అమ్మాయి ఒకసారి అడిగింది. నెల్లూరులో బ్యాంకు లాకర్లో ఉన్నాయని చెప్పాను.

ఆ వసంతంలో ఎప్పుడో మెషీన్ ముందు భాగాన ఒక నారింజ రంగు దీపం వెలిగింది. ఆర్పినా, మళ్ళీ వేసినా వెలుగుతూనే ఉంది. పని చేస్తోందనడానికి గుర్తేమో అనుకున్నాను. మెషీన్‌తో వచ్చిన పుస్తకం తెరిచి చూడలేదు. కాఫీ దిగడానికి ఎక్కువ సేపు పట్టేది, గురగుర శబ్దం పెరిగింది. రుచి మారిందా అంటే, రోజుకు ఒక్క పిసరు పలచనైతే నాలుకకు తెలియదు. పక్కన తాగే మనిషి ఉంటే చెప్పేది. ఉన్న ఒక్క మనిషీ పాలు, చక్కెర దండిగా పోసుకునేది.

వేసవిలో ఆ అమ్మాయి వాళ్ళమ్మ నెల్లూరు నుంచి మూడు నెలలకని వచ్చింది. ఆమె చిన్నతనమంతా తల్లి వెంట మా పెరట్లోనే గడిచిందట. వచ్చిన వారానికి ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "మీ ఇంట్లో మొదటి డికాక్షన్ ఎట్టుంటదో ఒక్కసారి తాగి చూడాలంట మా అమ్మకి. పొడి దంచింది వాళ్ళమ్మ, వాసన పీల్చింది ఈమె, తాగిందే లేదంట. తీసుకరానా అక్కా?"

తీసుకురమ్మన్నాను. కొత్త పొడి తెచ్చాను, ఇల్లు తుడిచాను, నూలు చీర ఇస్త్రీ చేసుకుని కట్టుకున్నాను. మా తాత చేయని పని నేను చేస్తున్నానని లోపల కొంత గర్వం కూడా ఉంది.

వాళ్ళమ్మ సోఫా అంచున కూర్చుంది. ఆమెను నువ్వు అనాలో మీరు అనాలో తేల్చుకోలేక రెండూ రాకుండా మాట్లాడాను. ప్రయాణం బాగా జరిగిందా, చలికి అలవాటైందా. మెషీన్ చాలాసేపు గురగురలాడింది. వాళ్ళమ్మ అటే చూస్తూ కూర్చుంది. చివరికి దిగిన కాఫీని మూడు తెల్ల కప్పుల్లో పోశాను. పాలు వద్దంది, అసలు రుచి తెలియాలని.

కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చింది. ఒక గుక్క తాగింది.

"ఆ గ్లాసులు ఇక్కడికి తెచ్చుకోలేదా తల్లీ?" అని అడిగింది.

"లాకర్లో ఉన్నాయి," అన్నాను.

తల ఊపి, ఇంకో గుక్క తాగి, కూతురి వైపు తిరిగింది. "ఇది రెండోది, మే. మొదటిది ఇట్టుండదు. తాగకపోయినా వాసన తెల్సు నాకు."

"ఊరుకోమా. ఇక్కడ రెండోది, మూడోది ఉండవు. అది మెషీను," అంది కూతురు.

"మెషీనుకేం తెల్సు, పోసే చేతికి తెల్సు." వాళ్ళమ్మ నవ్వుతూనే అంది. "పర్లేదులే తల్లీ. మన గ్లాసు మనకంటే ముందే విమానమెక్కి వచ్చినట్టుంది."

ఆ క్షణం నా చేతిలోనూ అదే జగ్గులోని కాఫీ ఉంది. నా కప్పు ఆమె ముందుకు చాచి, ఇది తాగి చూడండి, నాదీ ఇదే, అంటే సరిపోయేది. చెయ్యి లేవలేదు. ఎంగిలి అనేది ఒక కారణం. మా ఇంట్లో పెదవి తగిలించినది ఒకరికి ఇవ్వడం, ఒకరి నుంచి పుచ్చుకోవడం లేదు. రెండో కారణం ఇంకా పాతది. పెరటి మనుషులకు మా ఇంటివాళ్ళు సంజాయిషీ చెప్పుకున్నది లేదు. వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుని నా కాఫీ నేను తాగాను.

వెళ్ళే ముందు వాళ్ళమ్మ తన కప్పు తానే కడిగింది. సింకు పక్కన, మిగతా కప్పులకు జానెడు దూరంలో, బోర్లించి వెళ్ళింది.

తర్వాతి ఆదివారం ఆ అమ్మాయి రాలేదు. కుదరదక్కా అని మెసేజ్ పెట్టింది. ఆ పై వారం కుదరదు అని మాత్రం వచ్చింది. మూడో వారం ఏమీ రాలేదు.

శుక్రవారం ఫ్యాక్టరీ బస్సు దిగితే సోమవారం దాకా నా గొంతు నాకే వినబడని వారాలు అవి. ఆదివారం పదకొండుకు అలవాటు కొద్దీ నాలుగో గీత దాకా నీళ్ళు పోసేదాన్ని. మిగిలింది సాయంత్రం సింకులో పారబోసేదాన్ని. కిటికీ అవతల పిల్లలు సైకిళ్ళు తొక్కేవారు, సన్నటి వాన పడేది, ఎవరి అడుగులైనా మెట్ల దాకా వచ్చి కింది వాటా తలుపు దగ్గర ఆగేవి.

ఒక శనివారం బాయిలర్ సర్వీసు చేయడానికి ఇంటి యజమాని పంపిన మనిషి వచ్చాడు. అరవై ఏళ్ళ ఐరిష్ ఆయన. గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఊరికే పంపకూడదు కనుక కాఫీ పెట్టాను. ఆయన నారింజ దీపం చూసి, అది ఎన్నాళ్ళుగా వెలుగుతోందని అడిగాడు. వసంతం నుంచి అన్నాను. పగలబడి నవ్వాడు. ఈ ఊరు కూర్చున్నదే సున్నపురాయి మీదట. కుళాయిలో వచ్చేది సగం నీళ్ళు, సగం సున్నమట. నా కెటిల్ మూత తీసి అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చు చూపించాడు. మెషీన్ లోపలి గొట్టంలోనూ ఇదే పట్టింది, నీళ్ళు సరిగ్గా కాగడం లేదు, కాగని నీళ్ళకు పొడిలోని సారం దిగదు, అందుకే ఇలా ఉంది అని కప్పు చూపించాడు. నిమ్మ ఉప్పుతో కడిగితే గ్రాండ్‌గా ఉంటుందని చెప్పి వెళ్ళాడు.

ఊరందరి ట్యాంకులకు సంతకాలు పెట్టే నేను, కొన్ననాటి నుంచీ నా మెషీన్‌ను ఒక్కసారి కూడా లోపల కడగలేదు. జగ్గు కడిగేదాన్ని, పైన తుడిచేదాన్ని. మా ఇంట్లో పాత్రల లోపలి సంగతి మాకు పట్టేది కాదు.

మెషీన్‌తో వచ్చిన పుస్తకం అప్పుడు తెరిచాను. పులిహోరలోకని తెచ్చిన నిమ్మ ఉప్పు ఇంట్లోనే ఉంది. రెండు చెంచాలు లీటరు గోరువెచ్చని నీళ్ళలో కరిగించి డబ్బాలో పోశాను. పొడి గిన్నె ఖాళీగా పెట్టి మెషీన్ వేశాను. సగం దిగాక ఆపి అరగంట అలా వదిలేయాలి. ఆ అరగంటలో పొడి గిన్నెను వేడినీళ్ళలో సబ్బుతో రుద్దాను. గోడలకు గోధుమరంగు జిడ్డు వార్నిష్‌లా పట్టి ఉంది, మూడుసార్లు తోమితే పోయింది. తర్వాత మిగిలిన సగం దింపాను. జగ్గులోకి తెల్లని రేకులు వచ్చాయి, మా పాత ఇంటి గోడల సున్నం రాలినట్టు. పారబోసి మంచినీళ్ళతో మూడు విడతలు నడిపాను. పుల్లదనం పోయిందో లేదో ప్రతి విడతా నాలుకతో చూశాను. పుస్తకంలో చెప్పినట్టు బొత్తాం నొక్కి పట్టుకుంటే నారింజ దీపం ఆరిపోయింది.

కాఫీ పెట్టాను. గురగుర లేదు. నల్లగా, సెగలు కక్కుతూ దిగింది. వాసన గది నిండి మెట్ల దాకా వెళ్ళింది. మొదటి గుక్కకే తెలిసింది. వాళ్ళమ్మ చెప్పింది నిజం. నేను ఆమెకు పోసింది రెండోదే. ఎన్నడూ తాగని కాఫీ వాసన ఆమెకు నాకంటే బాగా గుర్తుంది.

మెషీన్‌కు సున్నం పట్టిందని, ఆ రోజు నా కప్పులోనూ అదే ఉందని ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. మూడుసార్లు రాసి చెరిపి, నాలుగోసారి పంపాను. పర్లేదు, అని జవాబు. అమ్మ గురువారం వెళ్ళిపోతోందని, మేమూ నెలాఖరుకు డబ్లిన్ దగ్గర నేస్ అనే ఊరికి మారుతున్నామని, ఆయనకు డబ్లిన్‌లో ఉద్యోగమని, ఇల్లంతా సర్దుతున్నామని రాసింది. అక్కా అని లేదు.

బుధవారం సెలవు పెట్టాను. ఆరో గీత దాకా నీళ్ళు పోసి కాఫీ దింపి, ఫ్లాస్కులో పోసుకుని వానలో బయలుదేరాను. మా ఇంటి నుంచి కాఫీ ఒకరి గడపకు మోసుకుపోయిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

కూతురు తలుపు తీసి పక్కకు జరిగింది. హాలు నిండా అట్టపెట్టెలు. కప్పులన్నీ కట్టేశామని చెప్పింది. ఫ్లాస్కు మూతలో పోసి వాళ్ళమ్మకు అందించాను. ఆమె దాన్ని తీసుకుని, తల వెనక్కి వంచి, పెదవికి తగలకుండా ఎత్తి గొంతులో పోసుకుంది. పొగలు కక్కే కాఫీ. ఒక్క చుక్క ఒలకలేదు. ఆ ఒడుపు ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

"కరిచి తాగండమ్మా," అన్నాను.

"అలవాటు తల్లీ. నీ మూత గదా."

మూత తీసుకుని, నేను పెదవి ఆనించి తాగి, తిరిగి ఇచ్చాను. ఆమె అంచు వైపు కాసేపు చూసింది. తర్వాత కరిచే తాగింది. మొహం చిట్లించింది.

"మొదటిదేలే. ఇంత చేదా?" అంది. "ఇన్నేళ్ళూ దీని కోసమా మేము పెరట్లో ముక్కులెగరేసింది. మా బెల్లం నీళ్ళే మేలు."

కూతురు నవ్వింది. నేనూ నవ్వాను. నేస్ వచ్చినప్పుడు ఇంటికి రా అక్కా అంది.

రెండేళ్ళయింది. పండుగలకు ఫోన్ చేస్తుంది. నేస్ వెళ్ళడం ఇంకా కుదరలేదు. మూడు నెలలకోసారి, దీపం వెలగకముందే, మెషీన్‌కు సున్నం వదిలిస్తాను. కాఫీ ఇప్పుడు బాగుంటుంది. రెండో గీత దాకే నీళ్ళు పోస్తాను.

ఆ బుధవారం నేను గుమ్మం దాటుతుంటే వాళ్ళమ్మ వెనక నుంచి పిలిచింది. "లాకర్లో గ్లాసులు జాగ్రత్త తల్లీ. మా అమ్మ తోమి తోమి అంచులు అరగ్గొట్టింది." తలూపి వచ్చేస్తే సరిపోయేది. వెనక్కి తిరిగి ఉన్నది చెప్పాను. లాకరు లేదు. నేను ఇక్కడికి చదువుకు రావడానికి ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు, వెండి గ్లాసులు పన్నెండూ నెల్లూరులో తూకానికి అమ్మేశాం.