తండ్రి గ్రూపు

లలితాంబకి పుట్టిన బిడ్డల్లో భార్గవ ఒక్కడే దక్కాడు. ఆమెది నెగెటివ్ రక్తం, భర్తది పాజిటివ్. అలాంటప్పుడు కడుపులో బిడ్డకి ముప్పు రాకుండా తల్లికి చేసే ఇంజెక్షన్ సంగతి ఆ రోజుల్లో జగ్గయ్యపేటలో ఎవరూ చెప్పలేదు. అందుకే కొడుక్కి కుదిరిన వైదేహిది కూడా అతనిలాగే నెగెటివ్ గ్రూపని తెలిసి, ఇక ఈ ఇంట్లో ఆ బాధ ఉండదని ఆమె మురిసిపోయింది.

పెళ్ళయిన ఆరేళ్ళకి, పిల్లలు కలగకపోవడానికి లోపం భార్గవదేనని విజయవాడలో తేల్చారు. దాత వీర్యకణాలతో ప్రయత్నిద్దామంటే అతను కాదనలేదు. నెగెటివ్ దాత దొరకలేదు. దొరికింది పాజిటివ్ దాత కాబట్టి ఏడో నెలలో వైదేహికి ఇంజెక్షన్ తప్పదని అక్కడి డాక్టరు మరీమరీ చెప్పింది. ఈ సంగతి భార్యాభర్తలిద్దరికే తెలుసు. ఇంటికొచ్చాక దాన్ని ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

ఏడో నెల వచ్చేసరికి అంత దూరం ప్రయాణాలొద్దని లలితాంబే పట్టుబట్టి నందిగామలో డాక్టర్ రూబీ దగ్గరికి మార్పించింది. తనూ వెంట వచ్చింది.

"బిడ్డ తండ్రి వైపు జబ్బులేమైనా ఉన్నాయా అండి?" కేసు షీటు రాస్తూ సిస్టర్ అడిగింది.

"మావాడికేం లేవు. వాళ్ళ నాన్నగారు గుండెజబ్బుతో పోయారు, రాసుకోమ్మా," అంది లలితాంబ. "గ్రూపు ఓ నెగెటివ్."

"ఇద్దరిదీ నెగెటివేనా? అయితే బిడ్డదీ నెగెటివే. ఇంజెక్షన్ అక్కర్లేదు."

వైదేహి నీళ్ళ సీసా మూత బిగిస్తూ కూర్చుంది. అది ఎప్పుడో బిగుసుకుంది. భర్త వైపు చూడలేదు. సిస్టర్ షీటు తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టింది. భార్గవ లోపలికి ఒక్కడే వెళ్ళాడు.

"నా గ్రూపు కొట్టేయండి మేడం. పాజిటివ్ అని రాయండి."

"రిపోర్టు తప్పా?"

"రిపోర్టు కరెక్టేనండి. ఈ బిడ్డ విషయంలో నాది లెక్కలోకి రాదు."

ఆ మాట పైకి అనడం అతనికి అదే మొదటిసారి. రూబీ కలం పక్కన పెట్టి, "దాతా?" అంది నెమ్మదిగా. అతను తలూపి, విజయవాడ వాళ్ళిచ్చిన కాగితం ఫోన్లో చూపించాడు. ఆమె చదివి, షీటులో గ్రూపు మార్చింది. "ఈ గుండెజబ్బు కూడా తీసేయాలండి."

"అది మా నాన్నగారిది. ఉంచకూడదా?"

"ఉంచితే బిడ్డకి లేనిపోని భయం వెంట పడుతుంది." ఒక్క గీతతో కొట్టేసింది. "ఇది నా దగ్గరే ఉంటుంది. బయటికి పోదు."

భార్గవ బయటికొచ్చి వైదేహికి ఇంజెక్షన్ చేయించాలన్నాడు.

"అక్కర్లేదందిగా ఆ సిస్టర్ పిల్ల?" అంది లలితాంబ.

"జాగ్రత్త కోసం అమ్మా."

ఆమె కొడుకుని చూసింది. కోడలిని చూసింది. ఆ ఇంజెక్షన్ ఎవరికి, ఎందుకు చేస్తారో ఆ ఇంట్లో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "చేయించరా," అంది చివరికి. "అది లేకే కదా నేను పోగొట్టుకుంది."

మర్నాడు పొద్దున్నే వంటింట్లో భార్గవ భార్యతో, "నాన్నగారి పేరెత్తి రాసింది కూడా కొట్టేశారు వైదేహీ," అన్నాడు.

"అయిపోయిందిగా. ఆ మాట ఇక ఎత్తకండి," అంటూ ఆమె స్టవ్ వైపు తిరిగింది. ఆమె కోపంగా అనలేదు. ఆ మాట చెప్పుకోవడానికి అతనికి లోకంలో ఉన్నది ఆ ఒక్క మనిషే.

మార్చిలో ఆడపిల్ల పుట్టింది. పిల్లది పాజిటివ్. బాలింతకి రెండో ఇంజెక్షన్ కూడా పడింది. ఇద్దరూ క్షేమం.

ఎవరి పోలికని చుట్టాలడిగితే, "దాని పోలిక దానిదే," అంటుంది లలితాంబ. రోజూ కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోస్తుంది. అమ్మకి తెలుసేమో అడగాలని భార్గవకి చాలాసార్లు నోటిదాకా వచ్చింది. తెలియకపోతే తనే చెప్పినట్టవుతుంది. తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడి, తడి పిల్లని అందుకుని లోపలికి తీసుకెళ్తాడు.