ఇంటి లోను కోసమని చెప్పి

మా నాయన గూడూరు నిమ్మకాయల మార్కెట్లో వ్యాపారి. ఎంత తెలిసిన రైతు తెచ్చిన సంచి అయినా సరే, పైనున్న కాయల్ని చూడడు. మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగు నుంచి నాలుగు కాయలు లాగి, వాటిని చూసి ధర చెబుతాడు. "పైకాయ చూపించేదానికి పెడతారు పాపా. అమ్మే కాయ అడుగున ఉంటాది" అనేవాడు. నాకు ఆస్తి ఏమిస్తాడో ఇంకా తేలలేదు గానీ ఆ బుద్ధి మాత్రం పూర్తిగా ఇచ్చేశాడు.

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఎముకల వార్డులో తొమ్మిదేళ్లు నర్సుగా చేశాను. జర్మనీకి నర్సులు కావాలని ఊరంతా బోర్డులే. అలిపిరి వెళ్లే దారిలో మేడ మీద ఒక ఏజెన్సీ ఉంటే వెళ్లాను. కూర్చోగానే కూల్‌డ్రింక్ ఇచ్చారు. ఊరికే కూల్‌డ్రింక్ ఇచ్చేవాళ్లను నేను నమ్మను, ముట్టుకోలేదు. గోడ నిండా మంచులో నిలబడి నవ్వుతున్న నర్సుల ఫోటోలు. వాళ్లలో ఒక్కరి ఫోన్ నంబరు ఇమ్మన్నాను.

"ఏం మేడం, మా మీద నమ్మకం లేదా?" అన్నాడు ఏజెంటు.

"లేదప్పా" అన్నాను.

ఇచ్చాడు. ఆ సాయంత్రమే ఆ అమ్మాయికి వీడియో కాల్ చేసి, వెనకున్న కిటికీ తెరిచి వీధి చూపించమన్నాను. పాపం, అంత చలిలోనూ తెరిచి చూపించింది.

ఏజెన్సీ నిజమైనదేనని తేలాక రెండేళ్లు జర్మన్ నేర్చుకున్నాను. పరీక్ష గట్టెక్కాను. అక్కడొక చిన్న ఊరి ఆసుపత్రివాళ్లు మాట్లాడి ఉద్యోగం ఇస్తామన్నారు. ఇక కావలసింది వర్క్ పర్మిట్ ఒక్కటే. అది మూడు నెలల్లో రాకపోతే ఉద్యోగం మరొకరికి ఇచ్చేస్తామని అదే ఉత్తరంలో రాశారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. నా తర్వాత చేరినవాళ్లు ముగ్గురు ఇన్‌ఛార్జిలయ్యారు, నేను మాత్రం డ్రెస్సింగ్ ట్రాలీ తోస్తూనే ఉన్నాను. ఎందుకని అడిగితే నీకు నోరెక్కువ అన్నారు. నా నోటిని కాకుండా నా చేతుల్ని చూసి విలువ కట్టే చోటు ఒకటి ఉంటే చాలనిపించింది.

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పని చేతికి అందేదాకా నోరు విప్పకూడదు. పెళ్లి సంబంధమైనా, స్థలం రిజిస్ట్రేషనైనా అంతే. ముందే చెబితే దిష్టి తగులుతుంది. తగలకపోయినా, రేపు ఆ పని కాకపోతే ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని నవ్వుతారు. అందుకని నాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

పర్మిట్‌కు అనుభవ పత్రం కావాలి. అది మా మేట్రన్ మేడం సంతకంతో రావాలి. ఆవిడ పెద్దమనిషి, ఆదివారం చర్చి అయ్యాక కూడా వార్డుకొచ్చి ఒక చూపు చూసిపోయేది. మనసు మంచిదే గానీ, ఆవిడ చెవిన పడ్డ మాట సాయంత్రానికి క్యాంటీన్లో తిరుగుతుందని నా అనుమానం. "ఇంటి లోను కోసం బ్యాంకోళ్లు అడగతా ఉండారు మేడం" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "సొంతిల్లా? మంచిది పాపా, దేవుడు చల్లంగా చూడాల" అంటూ కాగితం చేతిలో పెట్టింది. తలొంచుకుని తీసుకున్నాను.

దరఖాస్తు వెళ్లిన నెలకు, డ్యూటీలో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. చెన్నై నుంచి మాట్లాడుతున్నాను, మీ పర్మిట్ విషయం, మీ పుట్టిన తేదీ చెప్పండి అని ఒక మగగొంతు ఇంగ్లీషులో అడిగింది. అంతకు ముందు వారమే మా పేషెంటు కొడుకు ఒకడు ఇలాంటి ఫోనుకే జవాబు చెప్పి బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. "నాయనా, ఇంకెవరినైనా చూసుకో. నీ ఆటలు నా దగ్గర సాగవు" అని తెలుగులోనే చెప్పి పెట్టేశాను. మళ్లీ చేశాడు. బ్లాక్ చేశాను. ఎంత తెలివిగా తప్పించుకున్నానో అని ఆ పూటంతా పొంగిపోయాను.

పది రోజులకు పర్మిట్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. మీరు ఇచ్చిన అనుభవ పత్రాన్ని మీ ఆసుపత్రి ధ్రువీకరించలేదు, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే దరఖాస్తు తిరస్కరిస్తాం అని. చదివి వార్డు మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎవరో గిట్టనివాళ్లు నా సంగతి చెప్పి చెడగొట్టారు. ఎవరు?

మా వార్డులోనే నాకొక స్నేహితురాలు ఉండేది. పుత్తూరు మనిషి. ముందు విరిగిన ఎముకకు నాటువైద్యుల పుత్తూరు కట్టు కట్టించుకుని తర్వాత మా దగ్గరికి వచ్చిన రోగి కనబడితే "మీ ఊరోళ్లు వచ్చినారు మే" అని ఆమెను ఆటపట్టించేదాన్ని. తొమ్మిదేళ్లుగా ఇద్దరం ఒకే క్యారియర్లో తిన్నాం. ఒకసారి నా బ్యాగులోంచి జర్మన్ నోటుపుస్తకం జారిపడితే తీసి ఇచ్చింది, ఏమిటని అడగలేదు. పరీక్ష రోజు "ఊరికి పోవాల" అంటే నా డ్యూటీ తను చేసింది, అప్పుడూ అడగలేదు. ఆ రోజు మెట్ల మీద కూర్చుని తల్చుకుంటే, అడగకపోవడమే పెద్ద అనుమానమైంది. ఏమీ తెలియని మనిషైతే అడిగేది కదా? అనుమానం పెనుభూతం అంటారు. దానికి నేనే పీట వేసి కూర్చోబెట్టాను.

నేరుగా డ్రెస్సింగ్ రూముకు వెళ్లి నిలదీశాను.

"నా సంగతి ఎవురికి చెప్పినావు మే?"

"ఏం సంగతి?"

"తెలీనట్టు అడగొద్దు. నోటికాడి కూడు తీసేసినావు. నాకొస్తే నీకెందుకు కడుపుమంట?"

ఆమె చేతిలోని కత్తెర కింద పెట్టింది. "నా గురించి అట్లా అనుకున్నావా?" అంది. తప్పు చేసింది కాబట్టే కాదనడం లేదని తీర్మానించుకుని బయటికొచ్చాను.

రుజువు కోసం మేట్రన్ గదికి వెళ్లాను.

"మేడం, నా గురించి ఎవురన్నా ఫోన్ చేసినారా?"

"చేసినారు పాపా, నీకు చెప్దామని మర్చిపోయినా. ఎవుడో నీ లెటర్ పట్టుకోని, ఈయమ్మ జర్మనీకి పోతా ఉండాది, ఇది మీరిచ్చిందేనా అని అడిగినాడు. మా పాప ఈడ ఇల్లు కట్టుకుంటా ఉండాది, యాడికీ పోవడం లేదు, ఆ లెటర్ మేము బ్యాంకు కోసం ఇచ్చినాము, నీ చేతికెట్లా వచ్చినాదని గట్టిగా తగులుకున్నా. కాగితాలు దొంగిలించి ఆడపిల్లల పేరుతో ఏమేమో చేస్తా ఉండారు కదా ఇప్పుడు. నువ్వేం భయపడొద్దు. ఇంక నీ జోలికి రాడు."

నన్ను కాపాడిన సంతోషం ఆవిడ మొహంలో కనబడుతూనే ఉంది. నేను బ్లాక్ చేసిన చెన్నై మనిషి దొంగ కాదని, నేను పలక్కపోతే ఆసుపత్రికి చేశాడని అప్పుడర్థమైంది. జర్మనీ, లోను అబద్ధం, బ్లాక్ చేసిన ఫోను, స్నేహితురాలిని అన్న మాటలు, అన్నీ చెప్పేశాను.

మేడం కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"అయితే ఆ పుత్తూరు పాపకి ముందే తెల్సుండాల." అంది చివరికి. "నువ్వు డ్యూటీకి రాని రోజు, ఎందుకు రాలేదని నేను ఆ పాపనే అడిగినా. వాళ్ల నాయనకు బాగలేదు మేడం అని చెప్పినాది. ఆ ఆదివారం మీ నాయన కోసం ప్రార్థన కూడా చేసినా. ఇన్నాళ్లూ నోరు మూసుకోనుండాది. నువ్వు నాకొక్క మాట చెప్పుంటే ఆ ఫోనుకు జవాబు సరిగ్గా చెప్పుండేదాన్ని."

తిడుతుందని నిలబడ్డాను. తిట్టలేదు. లెటర్‌హెడ్ తీసి తన చేత్తోనే రాసింది. ఆ పత్రం తానిచ్చిందేనని, ఫోనులో తానే పొరబడ్డానని, తొమ్మిదేళ్లలో ఈ నర్సు కట్టిన కట్టు మీద ఒక్క ఫిర్యాదు రాలేదని. నా అబద్ధం గురించి ఒక్క ముక్క లేదు. చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

అదే రోజు స్నేహితురాలికి తప్పయిపోయిందని చెప్పాను. "సరేలే" అంది. మరుసటి రోజు నుంచి తన క్యారియర్ తను వేరే తెచ్చుకుంది.

జర్మనీ ఆసుపత్రివాళ్లు పెట్టిన మూడు నెలల గడువు ఇక ఆరు రోజులు ఉందనగా పర్మిట్ వచ్చింది. నాయనకు కూడా ఫోన్ చేయకుండా డ్రెస్సింగ్ రూముకు పరిగెత్తాను. ఆమె ఒక్కతే కూర్చుని దూది చుడుతోంది.

"పర్మిట్ వచ్చినాది మే. అందరికంటే ముందు నీకే చెప్తా ఉండా."

ఆమె తలెత్తలేదు.

"ఇంకా విమానం ఎక్కలేదు కదా" అంది. "నాకు చెప్పొద్దు మే. దిష్టి తగుల్తాది."

వెటకారమేమోనని వంగి ఆమె మొహంలోకి చూశాను. వెటకారం కాదు. నా చేతిలోని కాగితం మీద తన కన్ను పడకుండా, కుర్చీతో సహా గోడ వైపు తిరిగి కూర్చుంది.