చైనా దాకా పోయిన పసుపు మూట

ఆర్మూర్ మొత్తం మీద పాస్‌పోర్టు లేకుండా చైనా పోయి, అక్కడి సైన్యాన్ని నడిదారిలో నిలబెట్టి, చంకన ఆడపిల్లతో తిరిగొచ్చిన మనిషి ఒక్కతే ఉంది. పెర్కిట్ లసుమవ్వ.

సైన్యం అంటే మరీ సైన్యం కాదు. ఒక పోలీసాయన, ఆయన పక్కన ఒక కుక్క. నిలబెట్టడం అంటే కూడా, ఆమె సంచిలో పచ్చటి మూట చూసి ఇదేమిటని ఆయనే ఆగాడు. ఇక చైనా అంటారా, ఆ మాట దగ్గర కొంచెం తగ్గాలి. అది అరుణాచల్ ప్రదేశ్, మన దేశమే. కాకపోతే బడిలో గోడకు తగిలించే మ్యాపు చూస్తే చైనా సరిగ్గా దాని నెత్తి మీదే ఉంటుంది. ఆర్మూర్ నుంచి అంత దూరం పోయాక ఆ మిగిలింది ఒక దూరమా? ఆడపిల్ల మాత్రం అచ్చంగా నిజం. పేరు అంకిత. ఈ ఏడాదే బడిలో వేశారు.

లసుమవ్వ భర్త లింగన్న వయసులో ఉన్నన్నాళ్లూ మస్కట్‌లో ఉన్నాడు. ఆ కాలమంతా పసుపు చేను భారం ఆమెదే. విత్తనం పెట్టించడం, తవ్వించడం, కడాయిలో ఉడకబెట్టించడం, ఎండబోసిన కొమ్ముల పక్కన కాపలా పడుకోవడం. మార్కెట్ యార్డులో ధర నచ్చకపోతే తన బస్తా మీద తనే కూర్చునేది. అరవడం, తిట్టడం ఏమీ ఉండదు. ఊరికే కూర్చునేది. "లసుమక్క కూసున్నదంటె లారీ గూడ కదలది" అనేవాడు యార్డు ముందర చాయ్ హోటల్ నడిపే భూమేశ్వర్. ఆమెకు తెలిసిన యుద్ధం అదొక్కటే.

కొడుకు రాము తండ్రి దారే పట్టాడు. మస్కట్ బదులు దుబాయ్, అంతే తేడా. కోడలు త్రివేణిది మోర్తాడ్. పెళ్లయి ఏళ్లు గడిచినా వాళ్లకు పిల్లలు కలగలేదు. నిజామాబాద్ దవాఖానలు అయ్యాయి, హైదరాబాద్ దవాఖానలు అయ్యాయి. ఒక పొద్దున లింగన్న గొంతు సవరించుకున్నాడు.

"రాముకు ఇంకో పిల్లను చూద్దామానె? అందరు గదే అంటున్నరు."

లసుమవ్వ చుడుతున్న బీడీల చేట పక్కన పెట్టింది.

"అందరు అంటె, అందరి కొడుకులకు చేస్కోమను. నువ్వు మస్కట్ల ఉన్నన్ని దినాలు నేను గిట్ల ఇంకో మొగన్ని చూస్కున్ననా?"

లింగన్న మళ్లీ ఆ ఊసెత్తలేదు.

రాము, త్రివేణి దత్తత కోసం పేర్లు రాయించుకున్నారు. ఇల్లు చూసిపోయేవాళ్లు వచ్చి చూసిపోయారు. ఆ తర్వాత ఎదురుచూపు. మరిచిపోయామేమో అనుకుంటుండగా కబురు వచ్చింది. ఎక్కడో అరుణాచల్ కొండల్లోని శిశుగృహంలో ఏడాది పిల్ల ఉంది, వచ్చి చూసి తీసుకుపోవచ్చు. ఫోన్‌లో ఫొటో కూడా వచ్చింది. గుండ్రటి ముఖం, చిన్న కళ్లు, నెత్తి మీద నిలువుగా లేచిన జుట్టు.

ఆ ఫొటో చూడగానే మోర్తాడ్ నుంచి త్రివేణి అన్న గజేందర్ బండేసుకొని దిగాడు.

"అత్తమ్మా, ఎవల రక్తమో, ఏ కులమో. మొఖం జూస్తె మనోళ్ల లెక్క గూడ లేదు. రేపు పుట్టెంటికలు తీసేటప్పుడు మేనమామవు, ఒళ్లె కూసోవెట్టుకో అని నన్నే పిలుస్తరు. నేనైతే కూసోను, ముందే చెప్తున్న."

"నీ చేన్ల ఏం విత్తనం పెట్టినవ్ గజేందర్?" అంది లసుమవ్వ.

"ఈరోడ్‌ది. అక్కడికెల్లే తెప్పిచ్చిన."

"యార్డుకు తెచ్చినంక దాన్ని ఏమంటరు?"

గజేందర్ బండి తాళాలు తిప్పుతూ నిలబడ్డాడు.

"నోరు రాదేందిరా? ఆర్మూర్ పసుపు అంటరు. పసుపు కొమ్మును ఏ ఊరికెల్లి వచ్చినవని ఏనాడన్న అడిగినవా? పసిబిడ్డనైతే అడుగుతవా?"

రాము సెలవు పెట్టి దుబాయ్ నుంచి వచ్చాడు. తామిద్దరే పోయి వస్తామన్నాడు. లసుమవ్వ అప్పటికే సంచి సర్దుకుంది. రెండు చీరలు, నువ్వుల నూనె సీసా, తన చేన్లో పండించి తన చేతిమీద దంచిన పసుపు మూట.

"నువ్వెందుకే అమ్మా? మస్తు దూరం."

"మీరిద్దరు ఏనాడన్న పసిపిల్లకు తానం పోసిన్రా? మరి నడువున్రి."

రైలు గౌహతి దాకా, మళ్లీ రైలు, ఆ తర్వాత జీపు. కొండలు మొదలయ్యే చోట ఒక గేటు దగ్గర జీపు ఆగింది. పైన చెప్పిన పోలీసాయన, కుక్క, పసుపు మూట సంగతి ఇక్కడే జరిగింది. ఆయన మూట వాసన చూసి తుమ్మాడు. కుక్క అంతకన్నా గట్టిగా తుమ్మింది. తర్వాత ఆయన రాము చేతిలోని కాగితాలు అడిగి తీసుకున్నాడు.

"గవేంది రామూ?"

"పర్మిటే అమ్మా. గిది లేకుంటె లోపటికి పోనియ్యరు."

"అంటె వీస."

"వీస గాదే. మన దేశమే గిది."

"మన దేశంల పోనీకి మనకు కాయిదం ఎందుకు? మీ నాయినను మస్కట్ల అడిగిన్రు, నిన్ను దుబాయ్‌ల అడిగిన్రు. నాకు తెల్వదా? వేరే దేశమైతేనే అడుగుతరు. గీ కొండలు దాటినంక ఏమొస్తది?"

రాము రెండు రాత్రులుగా నిద్రలేక ఉన్నాడు. ఉన్న సంగతి చెప్పేశాడు. "చైనా."

"మరి? నేనేమంటున్న?" అంది లసుమవ్వ. ఇంటింటా గల్ఫ్ వీసాలు చూసి పెరిగిన ఊరి మనిషికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఆ గేటు దాటిన క్షణం నుంచి ఆమె చైనాలో ఉంది.

శిశుగృహంలో పిల్ల రామును చూసి ఏడ్చింది. త్రివేణిని చూసి ముఖం తిప్పుకుంది. లసుమవ్వ దగ్గరికి రాగానే ఆమె ముంజేతి వెండి కడియాన్ని నోట్లో పెట్టుకుంది, మళ్లీ వదల్లేదు. అలవాటు పడేందుకు నాలుగు రోజులు వచ్చి పోతుండమన్నారు. కడియంతో మొదలైన స్నేహం మెల్లగా త్రివేణి జడ దాకా, రాము మీసం దాకా వచ్చింది.

మూడో రోజు స్నానం మీరు పోస్తారా అని ఆయా అడిగింది. లసుమవ్వకు అంతకంటే కావలసిందేముంది? ఆర్మూర్ పక్క పల్లెల్లో పసిపిల్లకు ఎలా పోస్తారో అలాగే పోసింది. పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకొని నూనె మర్దించి, పసుపు పట్టించి, నలిచి నలిచి రుద్దింది. అది దుకాణం పసుపు కాదు, చేను పసుపు. ఒకసారి పట్టిందంటే పది నీళ్లకూ పోదు.

మర్నాడు వాళ్లు వెళ్లేసరికి శిశుగృహమంతా గగ్గోలు. పిల్ల పాదం నుంచి నుదురు దాకా పచ్చగా ఉంది. డాక్టరు వచ్చి కూర్చున్నాడు. కామెర్లేమో, రక్తం పట్నానికి పంపాలి, ఆ కాగితం వచ్చేదాకా పిల్లను ఇవ్వడం కుదరదు అన్నాడు.

రాము సెలవు అయిపోవస్తోంది. భార్యాభర్తలిద్దరూ ఉండి సంతకాలు పెడితేనే పిల్లను చేతికిస్తారు. అతను దుబాయ్ వెళ్లిపోతే మళ్లీ ఎప్పటికి వస్తాడో, అప్పటిదాకా పిల్ల వాళ్లకోసం ఆగుతుందో లేదో.

"నేను పోయి చెప్త, పసుపు పూసింది నేనే అని," అంది లసుమవ్వ.

త్రివేణి ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు అత్తమ్మా, మీ కాళ్లు మొక్కుత. అడగకుండ పూసినమని తెలిస్తె అసలుకే ఇయ్యరు."

"చెప్పకుంటె బిడ్డకు రోగమున్నదంటరు. లేని రోగం దాని మీద రాయనియ్య నేను."

ఆఫీసు గదిలోకి నేరుగా నడిచింది. శిశుగృహం పెద్ద మేడం, తెల్ల జుట్టావిడ, కళ్లద్దాల పైనుంచి చూసింది. లసుమవ్వ తెలుగులో చెప్పింది, రాము హిందీలోకి మార్చాడు. మేడం కుర్చీలోంచి లేచింది.

"ఎవరినడిగి పూశారు? పిల్ల ఇంకా మీది కాదు!"

రాము నేల చూపులు చూస్తూ ఆ మాటను తెలుగులోకి మార్చాడు.

"నాదనుకునే పూసిన," అంది లసుమవ్వ. "పరాయి పిల్లకు గంత మంచి పసుపు పూస్తనా?"

డాక్టరు మంచివాడే. పిల్ల కళ్లు తెల్లగా ఉన్నాయని, తనకూ ఇది పసుపులాగే అనిపిస్తోందని ఒప్పుకున్నాడు. కానీ పిల్ల క్షేమం తన బాధ్యత కనుక కాగితం రాకుండా సంతకం పెట్టనన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. అందుకే లసుమవ్వ కూర్చుంది.

ఆఫీసు గుమ్మం ముందు, వరండాలో, బస్తా మీద కూర్చున్నట్టే కూర్చుంది. మూట విప్పింది. ముఖానికి, మెడకు, మోచేతుల దాకా పసుపు పట్టించుకుంది.

"గిప్పుడు నాకు గూడ కామెర్లే. రాసుకోన్రి. బిడ్డను ఎన్ని దినాలు ఉంచుకుంటరో నన్ను గూడ గన్ని దినాలు ఉంచుకోన్రి."

ఆ సాయంత్రానికి ఊరు ఊరంతా పచ్చబడిందని ఆర్మూర్‌లో చెప్పుకుంటారు. ఊరంతా కాదు. చలికి పగిలిన చేతులకు మంచిదని ఆయాలు తలా ఇంత పూయించుకున్నారు, వంటామె బుగ్గలకూ పెట్టుకుంది. అక్కణ్నుంచి తలుపు గడియలకు, గిన్నెలకు, చివరికి పెద్ద మేడం చాయ్ కప్పు పిడికి పసుపు ఎక్కింది. రాత్రికి వాళ్లే దుప్పటి ఇచ్చారు. అన్నం పెట్టారు. లేచి పొమ్మని మాత్రం ఎవరూ అనలేదు.

రాము విమానానికి ఇంకో రోజు లేటయితే ఉద్యోగం ఉండదు అన్న దాకా వచ్చాక పట్నం నుంచి కాగితం వచ్చింది. రక్తంలో ఏ రోగమూ లేదు. మేడం సంతకాల కాగితాలు ముందు పెట్టుకొని, కలం మూత తియ్యకుండా, లసుమవ్వను పిలిపించింది.

"ఇంటికి పోయాక కూడా ఇలాగే పూస్తారా?"

"రోజు పూస్త. దాని లగ్గం దాక పూస్త."

"ఇక ముందు పూయదట మేడం," అన్నాడు రాము హిందీలో.

మేడం లసుమవ్వ ముఖం వంక చూసింది. చెవుల వెనక దాకా పసుపు, దాని మధ్య రెప్ప వేయని రెండు కళ్లు. ఆ ముఖం అంటున్న మాట అర్థం కావడానికి తెలుగు రానక్కర్లేదు. మేడం కలం మూత తీసింది. సంతకాలయ్యాక, మిగిలిన పసుపు ఉంటే వంటింట్లో ఇచ్చి పొమ్మంది.

పుట్టువెంట్రుకలు సిద్ధులగుట్ట మీది గుడి దగ్గర తీయించారు. గజేందర్ రాలేదు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుంటేనే కదా తొలి కత్తెర పడేది, మంగలి రాజమల్లు అటూ ఇటూ చూశాడు.

"మేనమామ ఏడి లసుమక్కా?"

లసుమవ్వ పిల్లను ఒళ్లో వేసుకొని పీట మీద కూర్చుంది. "కూసున్నోళ్లే మేనమామ. కత్తెర తియ్యి."

సగం జుట్టు దిగాక గజేందర్ మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చాడు, చేతిలో కొత్త గౌను కవరుతో. వచ్చి వెనకాల నిలబడ్డాడు. పీట ఖాళీ లేదు.

ఆ తర్వాత రెండు మూడేళ్లు ఆర్మూర్‌లో లసుమవ్వను పట్టడం ఎవరి తరమూ కాలేదు. భూమేశ్వర్ హోటల్ ముందర బెంచీ మీద కూర్చొని, "మీ మొగోళ్లు ఎంత తిరిగినా గా ఇసుక దేశాలే. నేను చైనా జూసొచ్చిన" అనేది. చెప్పిన ప్రతిసారీ కథ పెరిగేది. సైన్యం ఆమె పెట్టిందే, ఊరు పచ్చబడటమూ ఆమె పెట్టిందే.

ఈ ఏడాది బడి తెరిచిన కొన్నాళ్లకు అంకిత ఇంటికొచ్చి బ్యాగు దించకుండానే అడిగింది.

"నానమ్మా, చైనాకు బస్సు ఉంటదా?"

"ఎందుకే?"

"మా బడిల చిన్నుగాడు అన్నడు. నువ్వు చైనా పిల్లవు, గీ ఊరు మీది గాదు, మీ ఊరికి పో అన్నడు. అందరు గట్లనే పిలుస్తున్నరు."

లసుమవ్వ చేతిలోని బీడీ ఆకు చిరిగింది. ఈ మాట ఊళ్లో ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఇను. నీ తల్లి నీకు చెప్పిందే నిజం. కొండల ఊరికి పోయి నిన్ను తెచ్చుకున్నం. గది మన దేశమే. చైనా అనేది నా ఎచ్చులు."

"మరి పసుపు ముచ్చట?"

"గది నిజమే. గని అది మన నలుగురిది. బయట ఎవ్వలకు చెప్పేది లేదు."

మొన్న పసుపు అమ్మకాల రోజుల్లో లసుమవ్వ పిల్లను వెంటేసుకొని యార్డుకు వచ్చింది. హోటల్లో బయటి ఊరి వ్యాపారులు నలుగురు కూర్చొని ఉన్నారు. భూమేశ్వర్ వాళ్లకు చాయ్ ఇస్తూ, ఆమెను చూసి కేకేశాడు.

"రా లసుమక్కా, సమయానికి వచ్చినవ్! నువ్వు చైనా పోయిన ముచ్చట చెప్తున్న, నమ్ముతలేరు. జర నువ్వే చెప్పు."

"ఏం చైనా?" అంది లసుమవ్వ.

"అదేనే, గేటు, మిలిటరోడు, కుక్క..."

"ఏ గేటు? నేను నిజామాబాద్ దాటి ఏనాడు పోలే."

"ఓ అక్కా! గీ బెంచి మీద కూసోనే గద నువ్వు చెప్పింది? కామెర్లని పట్టుకున్నరు, మొఖానికి పసుపు..."

"అబద్ధం. ఎవడో పనిలేనోడు పుట్టిచ్చిండు. రైలెట్లుంటదో గూడ నేను ఎరుగ."

వ్యాపారుల్లో ఒకాయన పిల్ల ముఖం వంక, ఆమె ముఖం వంక మార్చి మార్చి చూశాడు.

"మరి గీ పిల్ల ఏ ఊరిదమ్మా?"

లసుమవ్వ బెంచీ మీద కూర్చుంది. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆర్మూర్‌ది," అంది. "ఇంగేమన్న అడిగేది ఉన్నదా?"