బుడాపెస్టులో తొడుక్కున్న కోటు

మా నాన్నకు మాచర్లలో బట్టల కొట్టు ఉండేది. నేను జియాలజీలో ఎమ్మెస్సీ చదువుతుండగా, ఎనభైల్లో ఒక చలికాలం, సున్నపురాయి గుహల అధ్యయనానికి మా యూనివర్సిటీ కొందరిని బుడాపెస్టు పంపింది. పల్నాడంతా ఉన్న రాయిని చూడటానికి ఆడపిల్ల అంత దూరం పోవడమెందుకని అమ్మ అడిగింది. నాన్న కొట్లోంచి తెచ్చిన ఉన్ని స్వెట్టరు పెట్టెలో పెట్టుకుని బయల్దేరాను.

అక్కడ నాకు బస ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో. ఆమెకు ఇంగ్లీషు రాదు, నాకు ఆమె భాష రాదు. నా స్వెట్టరు చూసి తల అడ్డంగా ఊపి, బీరువాలోంచి ముదురాకుపచ్చ కోటు ఒకటి తీసింది. భుజాలు, చేతులు, పొడవు, అన్నీ నాకే కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. మెడ దాకా గుండీలు ఆమే పెట్టింది. పెట్టాక చాలాసేపు కాలరు వదల్లేదు.

మర్నాడు పొద్దున వీధి చివర రొట్టెల కొట్టుకు వెళ్లాను. కొట్టామె ముందు కోటును చూసింది, తర్వాత నా ముఖాన్ని. నేనేమీ అడక్కముందే గసగసాల రొట్టె ఒకటి కాగితంలో చుట్టి చేతికిచ్చి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు. వంతెన మీద ఎదురొచ్చిన ముసలాయన టోపీ తీసి పలకరించబోయి, దగ్గరికొచ్చాక ఆగిపోయి, రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లాడు. కింద నదిలో మంచు పలకలు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. ఇంటికొచ్చి కోటు విప్పితే ఎడమ జేబు లోపల తడిగా ఉంది. ఆ రోజు వాన లేదు, మంచు కురవలేదు. పొయ్యి దగ్గర ఆరబెట్టినా మర్నాటి సాయంత్రానికి మళ్లీ అదే తడి.

మాకు దుబాసీగా వచ్చే అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. ఆమె నాతో ఇంటికొచ్చి పెద్దావిడతో కాసేపు మాట్లాడింది. ఆ కోటు ఆవిడ కూతురిదట. ఆ వీధిలోనే పెరిగిందట. ఒక చలికాలం నదిలోకి దిగిందట. ఒడ్డున మడతపెట్టిన కోటు దొరికింది గానీ మనిషి దొరకలేదట.

వెంటనే కోటు తీసుకెళ్లి బీరువాలో తగిలించాను. తెల్లారేసరికి అది నా మంచం పక్కన కుర్చీ మీద ఉంది, దుమ్ము దులిపి, నీటుగా. వద్దని ఎలా చెప్పాలో తెలియలేదు. ఉన్నన్నాళ్లూ అదే వేసుకు తిరిగాను. అద్దాలున్న దుకాణాల ముందు మాత్రం తల తిప్పుకునేదాన్ని.

చివరి రోజు రైల్వే స్టేషన్లో కోటు విప్పి ఆమెకిచ్చాను. చేతి మీద మడతేసుకుని నిలబడింది. రైలు కదులుతుంటే నన్ను ఏదో పేరు పెట్టి పిలిచింది. అది నా పేరు కాదు. నేను "ఆఁ" అన్నాను.

మాచర్ల వచ్చాక ఇదంతా అమ్మకు చెప్పాను. కూర కలుపుతున్నదల్లా గరిటె పక్కన పెట్టేసింది.

"పిలిస్తే పలికావా ఏందే?"

"పలికాను."

"నీది గాని పేరుకి నువ్వెందుకు పలికావు?"

ఆ తర్వాత చాలా రోజులు అమ్మ, నేను పక్క గదిలో చదువుకుంటున్నా, దొడ్లో బట్టలు ఆరేస్తున్నా, పనేమీ లేకుండానే నన్ను పేరు పెట్టి పిలిచేది. నేను పలికేదాకా ఊరుకునేది కాదు.