బావ కంప్యూటర్లో వేసిన పాచిక

నంద్యాలలో పిల్లలకు కంప్యూటర్ నేర్పే మా మేనమామ కొడుకు ఈ రోజు ఆళ్లగడ్డకు వచ్చి మాకూ నేర్పాడు.

నేను కథ చెబుతుంటే చెల్లెలు సుజాత అందులో ఒక వీరుడై ఆడే ఆట మాది. వీరుడి గెలుపోటములు తేల్చే ఇరవై ముఖాల పాచిక ఈ ఊళ్లో దొరకదు. అందుకని ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలున్న హౌసీ బిళ్లలు గుడ్డసంచిలో వేసి ఒకటి తీస్తాం. అది చూసి బావ నవ్వాడు. వీరుడి వివరాలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి, పాచిక కూడా అదే వేసుకునేలా చేశాడు.

వీరుడు లోయ దూకాడు. పది దాటితే బతుకుతాడు. తెరమీద మూడు పడింది. బావ గంభీరంగా ఒక గడిలో 'డెడ్' అని కొట్టాడు. ఏ గడిలో ఏం కొట్టినా పాచిక మళ్లీ పడుతుందని సారుకు తెలియదు. మూడు కాస్తా పంతొమ్మిదయింది. 'అలైవ్' అని దిద్దాడు. రెండయింది.

"ఏంది బావా, వాడు చచ్చినాడా, బతికినాడా?" అంది సుజాత.

"కంప్యూటర్ తప్పు చెప్పదు. ఉండు, చూస్తాండా."

సుజాత సంచిలో చెయ్యి పెట్టి బిళ్ల తీసింది. ఒకటి. ఏడాదిగా పెంచుకున్న వీరుడు.

"చచ్చినాడు. నా చేత్తో తీసినా, సాలు," అంది.

ఇలాంటి మాస్టర్లు మీ ఇళ్లలోనూ ఉంటే చెప్పండి. ఇది రాయడానికి మావాణ్ణి కంప్యూటర్ ముందు కుర్చీలోంచి లేపాల్సి వచ్చింది.

"ఉండప్పా, ఈసారి ఇరవై పడ్తాది," అన్నాడు.